సవరణ: పసుపు నక్షత్రం 1935 నాటిది కాదు

హిట్లర్ తొలి ఏళ్ల గురించి మొన్న రాస్తూ, 1935 న్యూరెంబర్గ్ చట్టాలతోనే జర్మనీ యూదులు బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాల్సి వచ్చిందన్నాను. అది తప్పు. జర్మనీలో ఆ ఉత్తర్వు వచ్చింది 1941 సెప్టెంబర్‌లో, ఆరేళ్లు నిండిన వాళ్లందరికీ. ఆక్రమిత పోలండ్‌లో మాత్రం 1939 చివర్లోనే నీలి నక్షత్రమున్న తెల్ల పట్టీ చేతికి కట్టుకోమన్నారు.

1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాలను బహిష్కరించిన నాటి ఫొటోలు చూసి పొరబడ్డాను. వాటిలో నక్షత్రం గీసింది దుకాణాల అద్దాల మీద, మనుషుల మీద కాదు. ఇంత తేడా గమనించకపోవడం నా తొందరపాటే.

1935 చట్టాలు చేసింది వేరే పని. యూదుల పౌరసత్వం లాక్కున్నాయి, 'జర్మన్ రక్తం' వాళ్లతో పెళ్లిళ్లు నిషేధించాయి. తాతలు, అమ్మమ్మ, నానమ్మల్లో ముగ్గురు యూదులైతే చాలు, తాను చర్చికి వెళ్లే మనిషైనా యూదు కిందే లెక్క! 1938లో యూదుల పాస్‌పోర్టుల మీద, యూదులని తెలిపే ఎర్రటి 'జె' ముద్ర పడింది. 1939 జనవరి నుంచి, పేరును బట్టి యూదులని తెలియని వాళ్లు మగవాళ్లైతే ఇజ్రాయెల్, ఆడవాళ్లైతే సారా అని అదనంగా తగిలించుకోవాలి.

నక్షత్రం వచ్చేసరికి ఇవన్నీ అయిపోయాయి. ప్రభుత్వోద్యోగాలైతే 1933 ఏప్రిల్ 7 చట్టంతోనే ఊడటం మొదలైంది. పాత వాక్యం తీసేశాను.