పది గ్రూపులకు పంపమన్న ఆ మెసేజ్ గురించి

మళ్ళీ అదే మెసేజ్. నిన్న రాత్రి మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, పొద్దున్న పాత విద్యార్థుల గ్రూపులో, మధ్యాహ్నానికి మా బావ దగ్గర్నుంచి. పైన "బీటెక్ అయినవాళ్ళకి ఆరు బంగారు సూత్రాలు" అని, కింద "పది గ్రూపులకు పంపండి" అని. మధ్యలో ఉన్నది ఇదీ: కోచింగ్ లేకుండా గేట్ (ఎంటెక్ సీట్లకి రాసే జాతీయ పరీక్ష) రాదు, ఇక్కడ ఎంటెక్ వేస్ట్, పీహెచ్‌డీ అంటే జీతం లేని చాకిరీ, పరిశోధన చేయించే గైడ్ ఎవరైనా ఒకటే, ప్రాజెక్టూ పరిశోధన పేపరూ డబ్బిచ్చి చేయించుకోవడం అందరూ చేసేదే, కాబట్టి ఎంత అప్పైనా చేసి అమెరికా ఎమ్మెస్‌కి వెళ్ళిపో, పార్ట్‌టైమ్ చేసుకుంటే రెండేళ్ళలో తీరిపోతుంది. విజయనగరంలో పన్నెండేళ్ళుగా ఇంజనీరింగ్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఇన్నాళ్ళూ ఇలాంటివి చూసీ చూడనట్టు వదిలేశాను. ఇక నా వల్ల కాదు.

పోయిన నెల పలాస వైపు నుంచి ఒక పెద్దాయన మా ఇంటికొచ్చాడు. కొడుకు నా దగ్గరే చదివాడు. కుర్చీ వేసినా కూర్చోకుండా ఫోను తీసి ఇదే మెసేజ్ చూపించి, "మా గుంటడు అక్కడ ఏదో పని చేసుకుని తీర్చేస్తాడంట, నిజమేనేటి మాస్టారూ?" అని అడిగాడు. ఆయనకున్నది ఎకరన్నర జీడితోట. 2018లో తిత్లీ తుఫానుకి చెట్లు కూలిపోతే మళ్ళీ మొక్కలు పెట్టి, బిందెలతో నీళ్ళు పోసి పెంచుకున్నాడు, ఇప్పుడిప్పుడే కాపు బాగుంది. బ్యాంకులో పొలం తాకట్టు కుదరదన్నారట. చదువు రుణానికి చాలా బ్యాంకులు పొలాన్ని తీసుకోవు, బాకీ పడితే, కోర్టుకి వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమి జోలికి పోలేవు కాబట్టి. అందుకని ఊళ్ళోనే తోట మీద రెండు రూపాయల వడ్డీకి ఇరవై లక్షలు మాట్లాడుకున్నాడు. కాగితం రాసుకోవడమే తరువాయి.

చేతికందిన శుభలేఖ వెనక లెక్క వేసి చూపించాను. ఇరవై లక్షలకి నెలకి వడ్డీ 40,000. రెండేళ్ళ చదువు పూర్తయ్యేసరికి వడ్డీయే 9,60,000, అసలు అసలుగానే ఉంటుంది. బ్యాంకు రుణమైతే చదువు అయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో ఏడాది దాకా మామూలుగా వాయిదాలు అడగరు, రెండు రూపాయల వాడు వచ్చే నెల నుంచే గుమ్మంలో నిలబడతాడు. ఇక ఆ పార్ట్‌టైమ్. ఎఫ్-1 (చదువు) వీసా మీద వెళ్ళినవాడు క్లాసులు జరుగుతున్నన్నాళ్ళూ వారానికి 20 గంటలే చెయ్యాలి, అదీ క్యాంపస్ లోపలే. గంటకి 15 డాలర్లు వస్తాయనే అనుకుందాం, వారానికి 300. గది అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ అందులోంచే. ఇంటికి పంపడానికి ఏం మిగులుతుంది? అనుమతి లేకుండా బయట పెట్రోల్ బంకులోనో హోటల్లోనో చేస్తే, దొరికిన రోజు అక్కడ చట్టబద్ధంగా ఉండే స్టేటస్ పోతుంది, పిల్లాడు వెనక్కొస్తాడు, అప్పు అలాగే ఉంటుంది. చదువయ్యాక కూడా ఓపీటీ (చదివినదానికి సంబంధించిన పని చేసుకునే అనుమతి) ఒక ఏడాది, మనవాళ్ళకి స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగ్ చదువులు) కింద ఇంకో 24 నెలలు, ఈలోగా ఉద్యోగ వీసా హెచ్1బీకి ఎంపిక కావాలి. ఏడాదికి ఉన్నవి 85,000, అడిగేవాళ్ళు లక్షల్లో.

ఇవేవీ ఆ మెసేజ్‌లో లేవు. "తీరిపోతుంది" అని ఒక్క ముక్క రాసి పారేశాడు. ఎవరివయ్యా నువ్వు, ఆ తోట చూశావా? తీరకపోతే నువ్వొచ్చి కడతావా? పేరు కూడా పెట్టుకోని మనిషి మాట నమ్మి, ఒకాయన ఎనిమిదేళ్ళ కష్టం రాసిచ్చేయబోయాడు.

అమెరికా వెళ్ళొద్దని నేను అనడం లేదు. పరిశోధన మీద మనసుంటే నేరుగా పీహెచ్‌డీకి పెట్టండి, అక్కడ ఇంజనీరింగ్‌లో చాలామందికి ఫీజు కట్టే పని లేకుండా నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు.

గేట్ సంగతి: పాత ప్రశ్నపత్రాలు ఉచితం, ఐఐటీలవాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

పీహెచ్‌డీకి జీతం లేదన్నది పచ్చి అబద్ధం. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్) నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత 42,000. ఒక్కోసారి నెలల తరబడి పడవు, ఆ బాధ నిజమే. కానీ అది చాకిరీ అవుతుందా, చదువవుతుందా అన్నది గైడ్ చేతిలో ఉంది, అలాంటిది గైడ్ ఎవరైనా ఒకటేనట! చేరకముందే ఆ ల్యాబ్‌లో ఉన్నవాళ్ళు ఇద్దరికి, మధ్యలో మానేసినవాళ్ళు ఒకరికి ఫోన్ చెయ్యండి. థీసిస్ ఇవ్వడానికి ఎన్నేళ్ళు పట్టింది, పేపర్ మీద మొదటి పేరు ఎవరిది, ఈ రెండూ అడగండి. మానేసినవాళ్ళు చెప్పేది ఇంకాస్త శ్రద్ధగా వినండి.

కొన్న ప్రాజెక్టుల గురించి ఒకటి చెబుతాను. ఒక ఎంటెక్ వైవాలో (మౌఖిక పరీక్షలో), నల్ల అట్ట, బంగారు అక్షరాలు, చక్కగా బైండ్ చేసిన రిపోర్టు తిరగేస్తుంటే కృతజ్ఞతల పేజీలో వేరే కాలేజీ ప్రిన్సిపాల్ పేరు అలాగే ఉండిపోయింది. ఆ అమ్మాయి చూసుకోలేదు. నేను పేజీ ఆమె వైపు తిప్పాను, ఆమె చదివింది, గదిలో ఎవరం మాట్లాడలేదు. తెలివైన పిల్ల, ఆర్నెల్లు కూర్చుంటే సొంతంగా చేయగలిగేది. "అందరూ చేసేదే" అని ఎవరో చెప్పారు, నమ్మింది. 2018 యూజీసీ (యూనివర్సిటీల నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం థీసిస్‌లో అరవై శాతం పైన కాపీ తేలితే రిజిస్ట్రేషనే రద్దు. ఇంటర్వ్యూలో మూడో ప్రశ్నకే దొరికిపోవడం మాట సరేసరి.

ఇక మిగిలింది ఎంటెక్ వేస్ట్ అన్న మాట. ఇందులో సగం ఒప్పుకుంటాను. గేట్ స్కోరు లేకుండా, స్టైపెండ్ లేకుండా, ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉండలేక ఇంటి దగ్గర కాలేజీలో ఫీజు కట్టి చేరి, అటెండెన్స్ కోసం వచ్చిపోయే ఎంటెక్ వేస్టే. నేను అలాంటి క్లాసులకి పాఠం చెప్పాను, ముగ్గురు కూర్చునేవారు, ఆ రెండేళ్ళూ వాళ్ళకి నష్టమేనని తెలిసీ అడ్మిషన్ రోజున ఆ మాట చెప్పలేకపోయాను. చెప్పాల్సింది. గేట్‌తో ఎన్ఐటీలోనో ఐఐటీలోనో సీటొస్తే సంగతి వేరు, నెలకి 12,400 స్టైపెండ్, పనిచేసే ల్యాబ్, పక్కన చదివేవాళ్ళు ఉంటారు.

పలాస పెద్దాయన ఆ శుభలేఖ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. కాగితం ఇంకా రాసుకోలేదని కొడుకు మొన్న ఫోన్ చేసి చెప్పాడు, ఈసారి గేట్ రాస్తానన్నాడు. మీ ఇంట్లోనూ ఇలాంటి లెక్క ఏదైనా ఉంటే, తాకట్టుకి ముందే ఒకసారి రండి. ఆదివారం పొద్దున్న ఇంట్లోనే ఉంటాను.