స్పీకర్ ప్రభుత్వ ఉద్యోగి కాదు: వాట్సాప్‌లో తిరుగుతున్న వాదనకు ఖండన

కొంతకాలంగా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: లోక్‌సభ స్పీకర్‌ను కేంద్ర ప్రభుత్వమే నియమిస్తుంది, ప్రధాని వద్దనుకుంటే దిగిపోవలసిందే, సభ రద్దయిన క్షణమే ఆ పదవీ రద్దవుతుంది, పార్లమెంటు సిబ్బంది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులే, సభా నియమాలు ప్రభుత్వం రాసుకున్నవి, స్పీకర్ నిర్ణయంపై కోర్టుకు వెళ్లే దారి లేదు, డిప్యూటీ స్పీకర్ ఉన్నా లేకపోయినా ఒకటే. పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలు సైతం దీన్ని నమ్మి పంచుకుంటున్నారు కనుక, ఒక్కో మాటనూ రాజ్యాంగంతో సరిచూడటం అవసరం.

మొదటిది నియామకం. లోక్‌సభ వీలైనంత త్వరగా తన సభ్యుల్లో ఇద్దరిని స్పీకర్‌గా, డిప్యూటీ స్పీకర్‌గా ఎన్నుకోవాలని 93వ అధికరణం చెబుతోంది. మెజారిటీ పాలక పక్షానిదే కాబట్టి సాధారణంగా ఆ పక్షం బలపరచిన అభ్యర్థే గెలుస్తారు. అయినా ఎన్నికలో గెలిపించుకోగల బలం వేరు, నియమించే అధికారం వేరు. 2024 జూన్ 26న ఓం బిర్లా పేరుకు పోటీగా ప్రతిపక్షం కొడికున్నిల్ సురేశ్ పేరును ప్రతిపాదించింది. సభ మూజువాణి ఓటుతో బిర్లాను ఎన్నుకుంది. కొత్త సభ్యులతో ప్రమాణం చేయించే ప్రొటెం స్పీకర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. బహుశా ఈ రెండు పదవులనూ కలిపేయడం వల్లనే ఈ పొరపాటు పుట్టి ఉంటుంది.

తొలగింపు విషయంలో సందేశం మరీ తప్పు. 94వ అధికరణం ప్రకారం 14 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ఆనాటి మొత్తం సభ్యుల్లో మెజారిటీతో సభ తీర్మానిస్తేనే స్పీకర్ పదవి పోతుంది. ఆ రోజు సభకు వచ్చినవారిలో మెజారిటీ ఉంటే చాలదు. ఆ తీర్మానంపై చర్చ జరుగుతుండగా స్పీకర్ అధ్యక్ష స్థానంలో కూర్చోకూడదు. 1954 డిసెంబరులో అప్పటి స్పీకర్ మావలంకర్‌పై అలాంటి తీర్మానం వచ్చినప్పుడు డిప్యూటీ స్పీకర్, తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్, సభను నడిపారు, తీర్మానం వీగిపోయింది. 2008 జూలైలో సోమనాథ్ ఛటర్జీని సొంత పార్టీయే బహిష్కరించినా, ఆయన 2009లో కొత్త సభ కొలువుదీరేదాకా స్పీకర్‌గానే కొనసాగారు. జీతం కూడా సభ ఏటా ఓటు వేసి మంజూరు చేసేది కాదు. దాన్ని నేరుగా సంచిత నిధి (ప్రభుత్వ ఆదాయం చేరే ప్రధాన ఖజానా) నుంచే చెల్లిస్తారు.

సభ రద్దుతో పదవి పోతుందన్న మాటకు జవాబు మన కోనసీమలోనే దొరుకుతుంది. 1999 ఏప్రిల్ 26న 12వ లోక్‌సభ రద్దయింది. అప్పటి స్పీకర్, అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి, కొత్త సభ మొదటి సమావేశానికి ముందు వరకు, అంటే ఆ అక్టోబరు దాకా, స్పీకర్‌గానే ఉన్నారు. 94వ అధికరణంలోని మినహాయింపు ఉద్దేశం ఇదే. మంత్రులు మారినా, సభ్యులు మాజీలైనా, ఆ కుర్చీ ఖాళీ కాకూడదు.

అంతకు కొద్ది రోజుల ముందు, ఏప్రిల్ 17న జరిగినది కూడా ఇక్కడ చెప్పాలి. వాజపేయి ప్రభుత్వంపై విశ్వాస పరీక్ష జరిగింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఇంకా లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు. ఆయన ఓటు చెల్లుతుందా అన్న ప్రశ్న లేచింది. బాలయోగి ఆ విషయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడి ప్రభుత్వం పడిపోయింది. ఆ ఒక్క ఓటూ పక్కన పెట్టి ఉంటే లెక్క 269, 269 అయ్యేది. 100వ అధికరణం ప్రకారం నిర్ణాయక ఓటు స్పీకర్ చేతికి వచ్చేది. బాలయోగి పార్టీ అయిన తెలుగుదేశం ఆ రోజు ప్రభుత్వం వైపే ఓటు వేసింది. స్పీకర్ అంటే ప్రభుత్వ మనిషే అనేవారు ఈ ఓటింగు గురించి ఒకసారి ఆలోచించాలి.

ఇక సిబ్బంది. సందేశం అందరినీ తేలిగ్గా నమ్మించిన అంశం ఇదే. బ్రిటిష్ పాలనలో కేంద్ర శాసనసభ సిబ్బంది ప్రభుత్వ శాఖ కిందనే పనిచేసేవారు. ప్రభుత్వాన్ని ప్రశ్నించవలసిన సభకు ప్రభుత్వమే గుమాస్తాలను సమకూర్చడం ఏమిటని ఆ సభ అధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్ పట్టుబట్టారు. 1928 సెప్టెంబరులో మోతీలాల్ నెహ్రూ ప్రతిపాదించిన తీర్మానాన్ని సభ ఆమోదించింది; 1929 జనవరి 10న సభకు విడిగా ఒక శాఖ ఏర్పడింది. స్వతంత్ర భారతంలో 98వ అధికరణం ఆ ఏర్పాటుకు రాజ్యాంగ హోదా ఇచ్చి, ఉభయ సభలకూ వేర్వేరు సచివాలయాలు ఉండాలంది. లోక్‌సభ సిబ్బంది నియామకాలకు, ఉద్యోగ షరతులకు 1955 నాటి ప్రత్యేక నియమాలున్నాయి. సెక్రటరీ జనరల్‌ను నియమించేది స్పీకర్; ఆ పదవిలోకి పాలనా సర్వీసుల నుంచి వచ్చినవారు ఉన్న మాట నిజమే అయినా, వారు జవాబు చెప్పవలసింది స్పీకర్‌కే. పార్లమెంటరీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వేరు. అది సభలో ప్రభుత్వ పనులు చూసుకునే ప్రభుత్వ శాఖ.

ఈ విడి ఏర్పాటు ఎందుకో ప్రశ్నోత్తరాల సమయం చూస్తే అర్థమవుతుంది. ఒక సభ్యుడి ప్రశ్న నోటీసు మొదట చేరేది సచివాలయానికే. ఏ ప్రశ్నను అనుమతించాలో తేల్చేది స్పీకర్. రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పవలసినవి, 20కి మించవు కనుక, వాటి వరుసను లాటరీ తీసి ఖరారు చేసేదీ సచివాలయమే. మంత్రిత్వ శాఖ చేయవలసింది జవాబు పంపడం. సభలో పలికిన ప్రతి మాటనూ రాసేది సచివాలయ రిపోర్టర్లు. ఒక మాటను రికార్డుల నుంచి తొలగించమని ఆదేశించగలిగేది స్పీకర్, మంత్రి కాదు. వీరంతా మంత్రుల కింది ఉద్యోగులైతే ఇబ్బందికరమైన ప్రశ్న సభ దాకా వస్తుందా?

నియమాల సంగతి సూటిగా తేలిపోతుంది. 118వ అధికరణం ప్రకారం ప్రతి సభా తన నియమాలను తానే రాసుకుంటుంది. లోక్‌సభలో మార్పులను పరిశీలించే 15 మంది నియమాల కమిటీకి స్పీకరే అధ్యక్షుడు.

కోర్టుల విషయంలో సందేశం సగం నిజాన్ని పూర్తి నిజంగా చూపిస్తోంది. కార్యవిధానంలో లోపం జరిగిందన్న కారణంతో సభా కార్యకలాపాలను కోర్టులో సవాలు చేయరాదని 122వ అధికరణం నిజంగానే అంటుంది. అయితే కార్యవిధాన లోపం వేరు, రాజ్యాంగ ఉల్లంఘన వేరు. ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారన్న వ్యవహారంలో 2005లో 11 మంది ఎంపీలను బహిష్కరించగా, 2007లో రాజారాం పాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ బహిష్కరణను సమర్థిస్తూనే, రాజ్యాంగ విరుద్ధతను పరిశీలించే అధికారం తనకుందని స్పష్టం చేసింది. ఫిరాయింపులపై స్పీకర్ తీర్పు న్యాయ సమీక్షకు లోబడుతుందని 1992లోనే కిహోటో హొల్లోహన్ కేసులో తేలింది. 2025 జూలై 31న తెలంగాణ ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని శాసనసభ స్పీకర్‌ను సుప్రీంకోర్టు ఆదేశించినదీ ఆ ఫిరాయింపుల నిబంధనలున్న పదో షెడ్యూలు కిందనే.

చివరిది డిప్యూటీ స్పీకర్. ఈ వాదనల్లో నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపించేది ఇదే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో బాలయోగి మరణించినప్పుడు, మే నెలలో మనోహర్ జోషి ఎన్నికయ్యే వరకు డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ ఆ బాధ్యతలు మోశారు. ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది, 95వ అధికరణమే ఆ ఏర్పాటు చేసింది. స్పీకర్ రాజీనామా చేయదలిస్తే లేఖ ఇవ్వవలసింది కూడా డిప్యూటీ స్పీకర్‌కే. 2019లో ఏర్పడిన 17వ లోక్‌సభ మాత్రం తన కాలమంతా డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకోనే లేదు. స్పీకర్ కాసేపు లేనప్పుడు, అందుకోసం ముందుగా ఎంపిక చేసిన ప్యానెల్ సభ్యులు సభను నడపగలరు. కానీ రెండు పదవులూ ఖాళీ అయితే స్పీకర్ విధులు నిర్వహించే సభ్యుణ్ణి రాష్ట్రపతి నియమించాలి, రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. అంటే స్పీకర్ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో ప్రభుత్వం నిర్ణయించగల సందర్భం, డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకోకుండా వదిలేసిన సభలో వస్తుంది.