రాక్ సంగీతానికి సోవియట్ విరుగుడు

రాక్ సంగీతాన్ని అదుపు చేయడం సోవియట్ ప్రభుత్వానికి చేతకాలేదని అనేవాళ్లున్నారు. పచ్చి అపవాదు. వాళ్లెవరూ సోవియట్ తయారీ ‘ఉరల్ 650’ ఎలక్ట్రిక్ గిటారును భుజానికి తగిలించుకుని ఉండరు. సెన్సారు, నిషేధాలు పైపై హంగులే. అసలు పని కర్మాగారంలోనే పూర్తయింది.

స్వెర్ద్‌లోవ్‌స్క్ (నేటి యెకాతెరిన్‌బర్గ్) నగరంలో పియానోలు చేసే కర్మాగారానికి ఈ బాధ్యత అప్పగించారు. పియానోకు అలవాటుపడ్డ చేతులకు తేలికైన వస్తువు చేయడమంటే నామోషీ కాబోలు, ఉరల్ బరువుకు భుజం లాగేస్తుంది. గిటారు మెడ లావు, తీగలకూ మెట్లకూ మధ్య ఎడం. రెండు పాటలయ్యేసరికి తిరుగుబాటు భావాలు వేళ్ల నొప్పిలో కరిగిపోతాయి. రొస్తోవ్ నగరంలో ఈ పని అకార్డియన్ తయారీదారుల పాలబడింది. వాళ్లు తమ గిటారుకు ‘అయెలిత’ అని ఓ రష్యన్ నవలలోని అంగారక సుందరి పేరు పెట్టుకున్నారు. భూమ్మీది సంగీతంతో తమకు సంబంధం లేదని ముందే చెప్పినందుకు మెచ్చుకోవాలి.

అన్నిటికన్నా నాకు నచ్చింది ప్లగ్గు. లోకమంతా గిటారుకు ఒంటి కడ్డీ ప్లగ్గు వాడుతుంటే, వీళ్లు టేప్‌రికార్డర్లకుండే అయిదు పిన్నుల గుండ్రటి ప్లగ్గు పెట్టారు. గాడి కుదిరితేనే అది లోపలికి వెళ్తుంది. చీకటి వేదిక మీద తడుముకుంటూ బలవంతం చేస్తే పిన్ను వంగుతుంది, కచేరీ ఆగుతుంది. పోలీసు అవసరమే లేదు. దీన్ని లోపమనేవారికి ప్రజాభద్రత అంటే ఏమిటో తెలియదు.

ద్రోహం సోదర దేశం నుంచే జరిగింది. చెకొస్లొవేకియా తన గిటార్లను ‘ఫ్యూచురామా’ పేరుతో బ్రిటన్‌లో అమ్ముకుంది; 1959లో అలాంటిదొకటి తర్వాత బీటిల్స్ బృందంతో పేరుకెక్కిన జార్జ్ హారిసన్ చేతిలో పడింది. ఆ తర్వాత ఏం జరిగిందో ప్రపంచమంతా విన్నది.

ఇంత పకడ్బందీ ఏర్పాటునూ సోవియట్ కుర్రాళ్లు లక్ష్యపెట్టలేదు. సొంతంగా గిటార్లు చెక్కుకున్నారు. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ల కోసం వీధి టెలిఫోన్ల రిసీవర్లు కోసి, లోపలి అయస్కాంతపు బిళ్లలు ఎత్తుకుపోయారని నేటికీ అక్కడ చెప్పుకుంటారు. చూసినవారు పోలీసులకు ఫోను చేయవచ్చు కదా అంటారేమో. దేనితో చేస్తారు?