ఊళ్లో జనం లేరు, బస్సు దండగ అంటున్నవాళ్లకు

వారం రోజులుగా మా మండలంలో అందరి ఫోన్లలో ఒకటే మెసేజ్. మా ఊరి జనాభా వివరాల ఫొటో పెట్టి కింద ఇలా రాశారు: పల్లెలు ఖాళీ అయిపోయాయి, ఈ ఊళ్లో ఆరు వందల మందే ఉన్నారు, బస్సు సౌకర్యం ఉందని జనాభా లెక్కలే చెబుతున్నాయి, ఇంటింటికీ బండి కూడా ఉంది, ఇంకో ట్రిప్పు అడగడం దండగ. చదివినవాళ్లు నిజమే కదా అని పక్కవాళ్లకు పంపేస్తున్నారు. నాకైతే కడుపు మండింది.

ముందు ఆ ఆరు వందల సంగతి. అది 2011 జనగణన అంకె. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్‌కి వచ్చేశారు, బస్సు కావాల్సింది వాళ్లకే. 2021లో జరగాల్సిన లెక్క కరోనా వల్ల ఆగింది, తర్వాతి దానికి ఆధార తేదీ, అంటే ఏ రోజున ఉన్న జనాన్ని లెక్కలోకి తీసుకుంటారో ఆ రోజు, 2027 మార్చి 1. పైగా జనగణన లెక్కపెట్టేది రెవెన్యూ గ్రామాన్ని, అంటే భూమి రికార్డుల్లో ఉండే ఊరిని, పంచాయతీని కాదు. తెలంగాణలో 2018లో పంచాయతీలైన తండాలు, గూడేలు ఎన్నో 2011 పట్టికలో పాత ఊరి లెక్కలోనే కలిసి ఉంటాయి. మా స్టాపులో అయితే పక్క రెవెన్యూ గ్రామానికి చెందిన రెండు శివారు పల్లెలవాళ్లు కూడా నిలబడతారు. వాళ్లు ఆ ఆరు వందల్లో లేరు, బస్సులో మాత్రం ఉంటారు.

పల్లెలు ఖాళీ అయ్యాయా? దేశంలో గ్రామీణ జనాభా 2001లో 74 కోట్లు, 2011లో 83 కోట్లు. తగ్గింది వాటా, 72 శాతం నుంచి 69కి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెరుగుదల బాగా తక్కువ, 5.54 కోట్ల నుంచి 5.63 కోట్లే, అది ఒప్పుకుంటాను. కానీ అందులోనూ ఒక కిటుకు ఉంది. జనాభా ఐదు వేలు దాటి, చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గకుండా ఉండి, పనిచేసే మగవాళ్లలో ముప్పావు మంది వ్యవసాయం కాని పనుల్లో ఉంటే, పంచాయతీ పంచాయతీగానే ఉన్నా జనగణన దాన్ని పట్టణాల పద్దులో రాస్తుంది. ఇలాంటివి దేశంలో 2001లో 1,362 ఉంటే 2011కి 3,894 అయ్యాయి. ఆ ఊళ్లవాళ్లు ఎక్కడికీ పోలేదు, పద్దు మారిందంతే.

ఇక "బస్సు ఉంది" అన్న మాట. ఆ పట్టికలో ఉండేది ఉందా, లేదా అన్న ఒక్క గడి. లేకపోతే ఎంత దూరంలో ఉందో మూడు గుర్తుల్లో ఒకటి వేస్తారు: 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10, 10కి పైన. రోజుకు ఎన్ని ట్రిప్పులు, బడి టైముకు వస్తుందా, సాయంత్రం తిరిగొచ్చే బస్సు ఉందా, ఇవేవీ ఆ గడి చెప్పదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వచ్చే మా ఊరికీ అరగంటకో బస్సు తిరిగే ఊరికీ అందులో ఒకే మాట రాసి ఉంటుంది. దాన్ని పట్టుకుని మాకు అన్నీ అమిరాయని ఎలా అంటారు?

ఇంటింటికీ బండి. 2011లో పల్లెల్లో స్కూటరో మోటార్ సైకిలో ఉన్న ఇళ్లు దాదాపు 14 శాతం. ఇప్పుడు చాలా పెరిగాయి, కళ్లముందే కనిపిస్తోంది. కానీ ఆ బండి ఎవరి చేతిలో ఉంటుంది? పొద్దున్నే మగమనిషి పనికి తీసుకుపోతే షుగర్ మందులకు వెళ్లాల్సిన అత్తా, కాలేజీకి వెళ్లాల్సిన కూతురూ షేర్ ఆటో కోసం ఎదురుచూడాలి, అది నిండేదాకా కదలదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఊరికి బస్సే రాకపోతే ఆ ఉచితం ఎవరికి? వాళ్లు ఇప్పటికీ ఆటోకు డబ్బులు ఇచ్చుకుంటూనే ఉన్నారు.

నిజంగా లెక్కే కావాలంటే హైస్కూల్ హాజరు పట్టీలో మన ఊరి పిల్లలు ఎంతమందో చూడండి, ఓటర్ల జాబితా తీయండి, మూడు రోజులు పొద్దున ఏడున్నరకు స్టాపులో నిలబడి ఆటో ఎక్కేవాళ్లను లెక్కపెట్టండి. ఆ కాగితం పట్టుకుని డిపోకు వెళ్దాం, నేనూ వస్తాను.