క్విక్సాటిక్ అంటే పనికిమాలినదని కాదండీ బాబూ

మొన్న ఆఫీసు మీటింగులో మూడు నెలల పనిని మూడు వారాల్లో చేసేస్తామని చెప్పి క్లయింటుతో సంతకం పెట్టించుకుందాం అన్నారొకరు. దానికి ఇంకొకాయన నవ్వి, "కొంచెం క్విక్సాటిక్ ఐడియా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అది దురాశ. క్విక్సాటిక్ అనిపించుకోవాలంటే అర్హత ఉండాలి!

క్విక్సాటిక్ (quixotic) అన్న ఈ ఇంగ్లీషు మాట సెర్వాంటెస్ రాసిన స్పానిష్ నవల 'డాన్ కిహోటే' (Don Quixote) నుంచి పుట్టింది. మొదటి భాగం 1605లో, రెండోది 1615లో వచ్చాయి. వీరుల కథలు చదివి చదివి మతి చెడిన ఒక పెద్దమనిషి, తాతల నాటి కవచం తగిలించుకుని, బక్క గుర్రమెక్కి లోకాన్ని ఉద్ధరించడానికి బయల్దేరతాడు. ముప్పై నలభై గాలిమరలు కనబడితే రాక్షసులనుకుని బల్లెంతో మీద పడతాడు. "అయ్యా, అవి గాలిమరలు" అని వెంట వచ్చిన సేవకుడు సాంచో మొత్తుకుంటూనే ఉంటాడు. రెక్క తగిలి బల్లెం ముక్కలవుతుంది, గుర్రంతో సహా దొర్లిపడతాడు. అప్పుడూ ఒప్పుకోడు. తనకు పేరు రాకూడదని ఒక మాంత్రికుడు రాక్షసులను గాలిమరలుగా మార్చేశాడట!

డిక్షనరీలో 'ఆచరణసాధ్యం కాని' అన్న ముక్క ఒక్కటీ చూసుకుని వాడేస్తే ఈ మనిషి అందులో ఎక్కడున్నాడు? మన గాలిమేడలు కూడా దీనికి సరిపోవు. వాటిని కట్టేవాడు మంచం దిగడు. భగీరథ ప్రయత్నం అందామా అంటే అక్కడ గంగ నిజంగానే దిగొచ్చింది. క్విక్సాటిక్ మనిషి మంచం దిగుతాడు, దెబ్బలూ తింటాడు, గంగ మాత్రం రాదు. అందులో స్వార్థం కూడా ఉండదు.

మా వీధిలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు. ఫ్లెక్సీ మీద 'శుబాకాంక్షలు' కనబడితే చాలు, ఆ షాపుకెళ్లి, కుర్రాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, వత్తు పెట్టించి వస్తారు. ఒకసారి సొంత డబ్బులిచ్చి మళ్లీ ప్రింటు కూడా వేయించారు. తర్వాతి పండక్కి మళ్లీ అదే తప్పు. "వాడు మంచివాడేనయ్యా, ఆ కంప్యూటర్ ఫాంటే వత్తు మింగేస్తోంది" అన్నారు నాతో. మాంత్రికుడు దొరికేశాడు!

నిన్న సందు మొదట్లో కొత్త ఫ్లెక్సీ కట్టారు. చూసి ఇంటికొచ్చేసరికి మాస్టారు గేటు దగ్గర చెప్పులేసుకుంటున్నారు.