తరిమినవాడే తేదీ అడుగుతాడా?

1988 అక్టోబరు 5న మీరు ఆ నేల మీద ఉన్నారా, లేరా? లేకపోతే హక్కు లేదు. బ్రెజిల్ ఆదివాసులకు అక్కడి భూస్వాములు, వాళ్ల వెనకున్న ఎంపీలు పెడుతున్న షరతు ఇదే. కొత్త రాజ్యాంగం వచ్చిన రోజు అది. ఈ వాదనను 2023 సెప్టెంబరు 21న అక్కడి సుప్రీంకోర్టు 9-2తో కొట్టేసింది. మూడు నెలలైనా గడవకముందే అధ్యక్షుడు లూలా వీటోను కూడా పక్కకు నెట్టి, పార్లమెంటు అదే తేదీని చట్టంలోకి ఎక్కించింది.

నేల చెప్పే తేదీలు వేరు. బ్రెజిల్ అమెజాన్‌లోని ఆక్రె రాష్ట్రంలో పశువుల మేతకని అడవి నరికిన చోట ఆదివాసుల పూర్వీకులు వలయాలుగా, చతురస్రాలుగా తవ్విన కందకాలు 450కి పైగా బయటపడ్డాయి. 11 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు ఉన్నవీ ఉన్నాయి. కొన్ని 2,000 ఏళ్ల నాటివి. 2023లో అమెజాన్ అడవి లేజర్ చిత్రాలను జల్లెడ పట్టిన పరిశోధకులకు మరో 24 మట్టి నిర్మాణాలు కనబడ్డాయి. ఇంకా 10 వేలకు పైగా చెట్ల కిందే ఉండొచ్చని వాళ్ల అంచనా. అమెజాన్‌లోని షింగూ నది ఎగువ ప్రాంతంలోనైతే పాత పట్టణాల కందకాలను, బాటలను పురావస్తు శాస్త్రవేత్తలతో కలిసి కొలిచింది కుయికురో ఆదివాసులే. తమ తాతల ఊళ్లను తామే కొలుచుకున్నారు.

డబ్బు పెట్టి పట్టా కొన్న రైతు గతేమిటని ఆ షరతును సమర్థించేవాళ్లు అడుగుతున్నారు. అతనికి పరిహారం ఇవ్వాల్సిందే. దానికి ఆదివాసి హక్కు ఎందుకు పోవాలి?

1988లో వాళ్లు అక్కడ ఎందుకు లేరు? తరిమేశారు కనుక. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ కేసులోని షోక్లెంగ్ తెగనే చూడండి. 20వ శతాబ్దం మొదట్లో వాళ్లను వేటాడటానికి కిరాయి హంతకులను పెట్టారు. 1988 నాటికే ఆ నేలపై వివాదం నడుస్తుంటే షరతు నుంచి మినహాయింపు ఇస్తారట. కానీ 1988 దాకా ఆదివాసులు చట్టం దృష్టిలో ప్రభుత్వ సంరక్షణలోని మైనర్లలాంటి వాళ్లు. సొంతంగా కోర్టుకెళ్లే హక్కు రాజ్యాంగంలోకి వచ్చిందే ఆ ఏడాది. నోరు నొక్కి, అప్పుడెందుకు మాట్లాడలేదని అడుగుతారా? ఇది నిలిస్తే ముందుగా తరిమినవాడికే భూమి దక్కుతుంది.

మన అటవీ హక్కుల చట్టంలోనూ 2005 డిసెంబరు 13 అనే గీత ఉంది. ఆ రోజుకు అడవిలో ఉన్నట్టు రుజువు తెమ్మంటే పోడు రైతు ఎన్ని ఆఫీసులు తిరగాలో తెలుగు పాఠకులకు చెప్పక్కర్లేదు.

ఆక్రె కందకాలను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో పెట్టించింది బ్రెజిలే. పూర్వీకులు తవ్విన మట్టి దేశానికి గొప్ప, వారసులు మాత్రం ఆక్రమణదారులా? ఆ చట్టానికి చెయ్యెత్తిన ప్రతి సభ్యుడూ సిగ్గుపడాలి.