ఆపద్ధర్మమా, దండయాత్రా?

(విశాఖ బీచ్ రోడ్డులో, 1971 యుద్ధ జ్ఞాపకంగా కట్టిన విజయ స్మారకం ఎదుట, ఒక విశ్రాంత నౌకాదళ కెప్టెనుకూ అంతర్జాతీయ న్యాయం బోధించిన ఒక మాస్టారికీ జరిగిన వాదం. ఒక రాజ్యం తన ప్రజలనే చంపుతుంటే మరో దేశం సేనతో అడ్డుపడవచ్చునని కెప్టెన్, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అనుమతి లేనిదే కూడదని మాస్టారు.)

కెప్టెన్: సార్వభౌమత్వమంటే ప్రజలను కాచుకోమని రాజ్యానికి అప్పగించిన బాధ్యతే గాని, వాళ్లను చంపుకోమని రాసిచ్చిన పట్టా కాదు, మాస్టారూ. 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో తన పౌరుల మీదే విరుచుకుపడింది. ఆ ఏడాది దాదాపు కోటిమంది మన దేశానికి తరలివచ్చారు. కలకత్తా శివారు సాల్ట్ లేక్‌లో తలదాచుకునే చోటు లేక, మురుగుకాలువల కోసం తెచ్చిన సిమెంటు పైపుల్లో కుటుంబాలకు కుటుంబాలే కాపురముండవలసి వచ్చింది. ఆ పైపులో బిడ్డను పడుకోబెట్టుకున్న తల్లితో, ఇది పాకిస్తాన్ ఆంతరంగిక వ్యవహారమని చెప్పగలరా?

మాస్టారు: చెప్పలేను. అయితే ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధి సమర్ సేన్ ఆ ప్రజల బాధను ప్రస్తావించినా, చట్టపరంగా మనం ప్రధానంగా ఆనుకున్నది ఆత్మరక్షణనే. డిసెంబరు 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాలపై దాడి చేసింది గనుక. అయినా డిసెంబరు 7న సర్వసభ్య సభలో 104 దేశాలు కాల్పులు ఆపి సేనలను వెనక్కి రప్పించమన్నాయి. వాటిలో చాలా దేశాలు ‘మీ మేలు కోరే వచ్చాం’ అన్న తెల్లదొరల మాటను తరాలపాటు భరించినవే.

కెప్టెన్: 1972 మార్చికల్లా మన సేన తిరిగి వచ్చేసింది. ఆక్రమించడానికి వెళ్లినవాడు మూడు నెలల్లో మూటాముల్లె సర్దుకుంటాడా?

మాస్టారు: ఆ సంగతి తేలింది మార్చిలో, కెప్టెన్ గారూ, దేశాలు ఓటు వేయవలసి వచ్చింది డిసెంబరులో. లిబియా చూడండి. 2011లో భద్రతామండలి 1973వ తీర్మానం ఆధారంగా, పౌరులను కాపాడే పేరిట నాటో విమానాలు బాంబులు వేశాయి. అక్టోబరులో లిబియా పాలకుడు గడాఫీ హతుడయ్యాడు. నాటో సేన అక్కడ తిష్ఠ వేయకపోయినా, దేశం అంతర్యుద్ధంలో చీలిపోయింది. ఆ తీర్మానంపై ఓటు వేయకుండా తప్పుకున్న అయిదు దేశాల్లో మనదీ ఒకటి.

(ఇక్కడ మాస్టారి మాటే బరువుగా తోచింది నాకు.)

కెప్టెన్: మరి రువాండా? 1994 ఏప్రిల్‌లో ఊచకోత సాగుతుండగానే అక్కడి ఐక్యరాజ్యసమితి శాంతిసేనను 270 మందికి కుదించాలని భద్రతామండలి తీర్మానించింది. సరిహద్దు మర్యాద భేషుగ్గా దక్కింది!

మాస్టారు: ఆ సేన రువాండా ప్రభుత్వ అంగీకారంతోనే అక్కడికి వెళ్లింది. ఉన్నవాళ్లను వెనక్కి పిలిచిన పాపాన్ని సార్వభౌమత్వం నెత్తిన రుద్దకండి.

కెప్టెన్: వెనక్కి పిలిచింది, మీరు అనుమతి తెచ్చుకోమంటున్న ఆ మండలే కదా, మాస్టారూ.